కుడికి తిప్పమంటే

ఆదివారం క్లాసుల్లేవు.
మురకంబట్టు ఇంటి ముందర బానెట్ మీద
పాత తువ్వాలు పరిచి నిలబడినాను.

పదకొండేళ్ల మారుతి.
రెండు బ్రేకులు, రెండు క్లచ్చులు,
నేర్చుకునేవాళ్లకొక భయం, నాకొకటి.
కొంగారెడ్డిపల్లె నుంచి గిరింపేట దాకా
ఆటోలు సైతం పక్కకు తప్పుకునేది
నెత్తి మీది ఎర్రక్షరాల బోర్డు చూసే.

వైపర్ చేతులు మాత్రం
వానలు చూడకుండానే ముసలివైపోయినాయి.
మా చిత్తూరులో వాన ఎన్నిరోజులని!
అరిగిందంతా నేర్చుకునేవాళ్ల తప్పులకే.
కుడికి తిప్పమంటే
ఇండికేటరు బదులు ఇంకో కాడ లాగుతారు.
నడినెత్తిన ఎండ, పొడి అద్దం,
కీచుమంటా లేస్తాయి రెండు చేతులూ,
అయ్యవారు అడగని ప్రశ్నకు
జవాబు చెప్పే పిల్లకాయల మాదిరి.

నలుపు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు.
ఇప్పుడు అదంతా తుడిచీ తుడవని పలక.
వేలు పెడితే బూడిద అంటుతుంది.
మొదట్లో, నట్టు కాడ,
అమ్మోరు పోసినట్టు తుప్పు పొక్కులు.

చెయ్యి వాలే చోట అద్దం మీద
టేపు ముక్క అతికించినాను.
పోయినసారి గుర్తు పెట్టుకోకుండా విప్పి
బిగించినాక అది ఊగి ఊగి
పక్క రేకును కొట్టింది, ఆ సొట్ట ఇంకా ఉంది.
నట్టు మీద రెండు చుక్కలు డీజిలు.
నట్టు వచ్చింది, చెయ్యి రాలేదు.
ఆడించి, బతిమాలి, తిట్టి,
కాఫీ తాగి వచ్చి మళ్లీ పట్టుకుంటే
ఏమీ ఎరగనట్టు ఊడి వచ్చింది.

అప్పుడొచ్చింది వళ్ళియమ్మ,
ఫీజులో మిగిలిన మూడొందలు ఇయ్యను.
బడిలో మధ్యాహ్నం వంట ఆమెది.
వ్యాను కొని కలెక్టరాఫీసు ముందర
టిఫిన్లు అమ్మాలని ఆశ.
టెస్టు రెండుసార్లు పోయింది.

"ఏంది సార్, దోసె పెనానికి పట్టినట్టు పట్టిందే!"
నా నాలుగొందల నంబరు గరుకు కాయితాన్ని
అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేసింది.
చింతపండు అడిగింది. రాళ్లుప్పు. కొబ్బరి పీచు.
రోజూ నూటెనభై మంది అన్నం గుండిగలు తోమే చెయ్యి
ఆ సన్నటి ఇనప చేతిని
ఒళ్లో పెట్టుకుని రుద్దింది.

"గట్టిగా కాదు సార్, మెల్లిగా.
బలవంతం చేస్తే మొరాయిస్తుంది."

క్లచ్చు మీద కాలు వదిలేటప్పుడు
నేను ఆమెకు నెల రోజులుగా చెప్తున్నది ఇదే.
చెప్పలేదు ఆ మాట. నీళ్లు పోసినాను.

కడిగి, ఎండబెట్టి, కాయితంతో నున్నగా చేసి
బట్టల తీగకు వేలాడదీసి
ప్రైమరు ఒక పూత, నలుపు రెండు పూతలు.
"మెరవదా సార్?"
మెరవకూడదమ్మా, ఎండకు కళ్లల్లో కొడుతుంది.
"ఓ, పెనం నలుపు" అనింది.
డబ్బా మీద ఇంగ్లీషులో ఉన్న పేరు
నేనెప్పుడూ సరిగ్గా పలకలేదు,
ఇంక పలకనక్కర్లేదు.

సాయంత్రానికి టేపు ముక్కల మీద
రెండు చేతులూ వాలినాయి.
మిగతా బండి ఇంకా ముసలిదైపోయినట్టు కనిపించింది.

గురువారం వాయుగుండం.
సంతపేట మలుపు కాడ చినుకు మొదలై
చూస్తుండగానే కుండపోత.
"కుడికి" అన్నాను.

వళ్ళియమ్మ ఒక్క క్షణం తడుముకోలేదు.
టిక్కు టిక్కుమని ఇండికేటరు.
నెల రోజుల్లో మొదటిసారి
సరైన కాడ.

మొహమంతా వెలిగిపోతా నా వైపు చూసింది.
అద్దం మీద వాన ధారలు ధారలుగా,
కింద కొత్త నలుపుతో
కదలకుండా రెండు చేతులు.
ముందర రోడ్డు లేదు.

నా పక్క బ్రేకు మీద మెల్లిగా కాలు పెట్టి
ఇంకొంచెం సేపు ఊరకున్నాను.